నిండుగా ఉన్న బోర్డు

ఎండ 118

మూడో ఎండబండి నలభై ఎగురుళ్ళు పూర్తి చేసుకొచ్చింది. ఈ రోజు దానికి నలభై పని, అంటే నలభై ఎగురుళ్ళకోసారి చేసేది. రెక్కల మీద ఎండను కరెంటు చేసే రేకులు తుడవడం, అతుకులు చూడడం, తీగలు బిగించడం, కప్పీలకు గ్రీజు పెట్టడం, తోక విప్పి చూసి మూయడం. ఇందులో రాయడానికి కొత్తగా ఏమీ లేదు. రేకులకు ఉప్పు ఎక్కువగా పట్టింది. కింద సముద్రం పొంగు మీద ఉంది. పాత ఊరి నీళ్ళ ట్యాంకు పోయిన వారం దాకా నెత్తి కనబడేది, ఇప్పుడు అదీ లేదు.

తోక పని సింహాద్రి తాతదీ నాదీ. తాతకి అరవై మూడేళ్ళు. చేతులు ఇప్పటికీ నాకన్నా నేర్పుగా ఉంటాయి, కళ్ళే సహకరించడం లేదు. పని చివర పనిముట్లు గూళ్ళలో పెట్టే సామాన్ల బోర్డు పోయిన ఏడాది రెండుసార్లు ఒకటి తక్కువ చూపించింది. రెండుసార్లూ తాత వంతే. మూడోసారి కూడా అయితే తోక మీద తాత సంతకం చెల్లదు. షెడ్డు వదిలి, మెట్ట దిగి, వలలు అల్లేవాళ్ళ దగ్గర కూర్చోవాలి.

పని మధ్యలో వరహాలు మావ వచ్చాడు. ఆయన తనిఖీదారు, ముద్ర ఆయన దగ్గరే ఉంటుంది. ఆయనకు 'కన్ను' మళ్ళీ రావాలని ఉంది. కన్ను అంటే బండి కడుపులోకి దూరి ప్రతి మూలా చూసి చెప్పే యంత్రం. ఆరేళ్ళ కిందట మెట్ట మెట్టంతా ఓటు వేసి దానికి కరెంటు ఆపేసింది. ఇంకో పది ఎండల్లో మళ్ళీ ఓటు ఉంది.

నేను తోకలో నడుము దాకా దూరి ఉన్నాను. మావ బయట నిలబడి అన్నాడు:

"ఏటే పోలీ, నీ కరపత్రాల్లో తోక బిగించడం కూడా రాస్తారేటి?"

"మనిషి చేతిని మనిషే నమ్మాలని రాస్తారు. నీకు యంత్రం కాళ్ళు పట్టుకోవాలనుంటే పట్టుకో మావా. మా చేతులు మాత్రం కట్టకు."

"నానేటి కట్టాను? అలిసిపోయిన సెయ్యి తప్పు సేస్తాదన్నాను. అది తిట్టా?"

నేను తోకలోంచి బయటికి వచ్చి మరీ జవాబు చెప్పాను. కన్ను వద్దనేవాళ్ళ ఐదో కరపత్రం గుర్తున్నంత మేరా చెప్పాను. కన్ను ఉన్న రోజుల్లో పనివాళ్ళు తమ పనిని తాము చూసుకోవడమే మానేశారనీ, బాధ్యతను యంత్రం చేతికిచ్చినవాడు బానిసతనాన్ని ఇంటికి పిలుచుకున్నట్టేననీ. మావ ఆసాంతం విని, ముక్కు చీదుకుని వెళ్ళిపోయాడు. తాత నవ్వాడు.

"నోరు మూసి తోక మూయమ్మా. పొద్దు దిగిపోతంది."

మూశాం.

లెక్క దగ్గర బోర్డు ముందు నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఇరవై నాలుగు గూళ్ళలో ఇరవై మూడు పచ్చగా వెలుగుతున్నాయి. పదిహేడోది ఎర్రగా ఉంది. పది నంబరు పానా గూడు. తాత చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. మావ ముద్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చేశాడు.

ఇలాంటప్పుడు మా షెడ్డులో ఒక అలవాటు ఉంది. పనిలో చేరిన రోజున ప్రతివాళ్ళకీ సొంత సామాన్ల సంచీ ఇస్తారు. ఎవరి వంతులోనైనా గూడు ఖాళీగా కనబడితే, చూసినవాళ్ళు తమ సంచీలోది తీసి అందులో పెట్టేస్తారు. దీన్ని పూడ్చడం అంటాం. పోయిన సామాను ఎక్కడికీ పోదు. ఏ జేబులోనో, ఏ గుడ్డల మూటలోనో దొరుకుతుంది. మర్నాడు ఆ మనిషి మనది మనకు తెచ్చి చేతిలో పెడతాడు, పక్కన ఒక తాటిబెల్లం ముక్క. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు. పదిమందిలో ఒకరి తల దించకూడదని పెట్టుకున్న పద్ధతి.

నా పది నంబరు తీసి పెట్టాను. గూడు పచ్చబడింది. మావ ముద్ర వేశాడు.

ఐదో కరపత్రం రాసినవాళ్ళు ఒకసారి మా షెడ్డు చూడాలి. వాళ్ళు కోరుకున్నది ఇక్కడ ఎవరూ చదవకుండానే చేస్తున్నారు.


ఎండ 119

పొద్దున్న తొమ్మిదింటికి రేకులు వేడెక్కగానే మూడో బండి వెళ్ళింది. నడిపేది అసిరినాయుడు. మేమిద్దరం ఒకే పలక మీద అక్షరాలు దిద్దుకున్నాం. బండిలో పాము కాటు మందు కుండలు, ఉత్తరాలు. ఈ రోజు గుమ్మడి మెట్ట, అక్కడినుంచి నక్కల మెట్ట. రేపు తాళ్ళ మెట్ట. ఎక్కే ముందు అడిగాడు:

"ఒలే పోలీ, తోక నువ్వేనా మూసింది?"

"నేనూ తాతా."

"అయితే సగం ధైర్యం, సగం భయం."

"నాది ఏ సగం?"

"దిగినాక సెప్తాను."

తాత రోజంతా నా పక్కనే పనిచేశాడు. పానా ఇవ్వలేదు. బెల్లమూ లేదు. నా సంచీ ఆయనకు కనబడేలా నోరు తెరిచి పెట్టాను. ఆయన దాన్ని దాటుకుంటూ నాలుగుసార్లు తిరిగాడు.

"ఏటి గుంటా, మూతి ముడుసుకున్నావు?"

"ఏం లేదు."

మతిమరుపు వయసుతో వస్తుంది. కృతజ్ఞత మరిచిపోవడానికి వయసుతో పనిలేదు. పై వాక్యం కోపంలో రాశాను. కొట్టేయడం లేదు.

నాలుగింటికి రేడియో గదినుంచి కబురు వచ్చింది. అసిరి నక్కల మెట్టలో దిగాడు. బండి సరిగానే ఉంది.


మబ్బు

మబ్బు రోజుకు అంకె ఉండదు. బండ్లు ఎగరవు. రేడియో కూడా రేకుల మీదే బతుకుతుంది కాబట్టి అదీ పలకదు. ఇలాంటి రోజుల్లో సామాన్లన్నీ దించి నూనె గుడ్డతో తుడుస్తాం.

పదిహేడో గూటిలోంచి నా పానా నేనే తీశాను. పొడిగా ఉంది. నూనె మరక లేదు, గ్రీజు లేదు. కొత్త సంచీలోంచి అప్పుడే తీసినట్టుంది. మొన్న మధ్యాహ్నం తోకలో కప్పీ పట్టీ బిగించింది పది నంబరుతోనే. కప్పీకి నిండా గ్రీజు ఉంది. అది అప్పటికి తట్టలేదు. తాత మీద చిరాకు మాత్రం ఇంకా ఉంది.

"నా పది నంబరుకి బెల్లం ఎప్పుడిస్తావు తాతా?"

తాత నా వైపు చూశాడు. "బెల్లం నానెందుకు ఇయ్యాల?"

"మొన్న పదిహేడో గూడు ఖాళీ. నేను పూడ్చాను."

"పది నంబరుతో నాకేటి పని? నాను తీగ పట్టుకుని నిలబడ్డాను. కప్పీ బిగించింది నువ్వు కదేటి."

నేను చేతిలో ఉన్న పానా వైపు చూశాను. నాది పొడిగా ఉందంటే నేను వాడింది బోర్డు మీది పానా. దాన్ని ఏం చేశానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. పట్టీ బిగించడం గుర్తుంది. "అది తిట్టా?" అన్న మావ మాట గుర్తుంది. తర్వాత నేను బయట ఉన్నాను, మావ ముఖం మీదికి వేలు చూపిస్తూ. కుడి చెయ్యి. చేతిలో పానా లేదు.

తోక లోపల కప్పీ పక్కన బెత్తెడు వెడల్పు చెక్క ఒకటి ఉంది. వంగి పనిచేసేటప్పుడు సామాను దాని మీద పెడతాం. చుక్కాని తీగ దాన్ని రాసుకుంటూ పోతుంది. గాలి నిలకడగా ఉంటే పానా ఎంతసేపైనా అక్కడే ఉంటుంది. బండి ఒక్కసారి ఊగితే జారి తీగకీ కప్పీకీ మధ్య పడుతుంది. అక్కడ పడితే చుక్కాని తిరగదు.

అంటే నేను తాత తప్పును పూడ్చలేదు. నా తప్పును నేనే పూడ్చుకుని, రెండు రోజులు తాత మీద అలిగాను.

తాతకి చెప్పాను. ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"ఆడు నక్కల మెట్టలోనే ఉన్నాడు. ఈయాల ఎగరడు. అదొకటి మంచిది."

"మావకి చెప్పాలి."

"సెప్దాం. తోక మీద సంతకం నాది. నానే మరిసిపోనానని సెప్తాను. ఎలాగూ రెండయ్యాయి, మూడోది కూడా నాదే అనుకుంటారు. కళ్ళు పోయిన ముసిలోణ్ణి, ఎవులూ ఏటీ అనరు. నీకు ముందర బోలెడు పనుంది గుంటా."

నేను అరిచాను. ఏమని అరిచానో రాయడం అనవసరం. నేను గూటిలో పానా పెట్టాను. తాత అదే గూటిలో తన పేరు పెట్టబోతున్నాడు. ఆయన ముఖంలో త్యాగం లాంటిదేమీ లేదు. నాకు కండువా తెచ్చివ్వబోతున్నట్టు మాట్లాడుతున్నాడు.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది, రాయాలి. ఇది బయటపడితే పూడ్చడం బయటపడుతుంది. పూడ్చడం బయటపడితే తొమ్మిది ఎండల్లో జరిగే ఓటులో కన్ను పక్షం గెలుస్తుంది. ఒకవేళ పానా జారకపోతే, అసిరి మామూలుగా తిరిగొస్తే, నేనే తోక విప్పి తీసేయొచ్చు. ఈ ఆలోచన నాలో అన్నం ఉడికేంత సేపు ఉంది.

తర్వాత వరహాలు మావ ఇంటికి వెళ్ళాను. ఆయన వాన వస్తుందేమోనని ఎండు చేపలు లోపలికి చేరేస్తున్నాడు. నిలబడే చెప్పాను.

"ఎవులి వంతు?" అన్నాడు.

"నాది."

"పూడ్సింది?"

"నేనే."

"నీది నువ్వే పూడ్సుకున్నావా?" చేపల బుట్ట కింద పెట్టాడు. "ఇలగ ఎవులూ సేసినట్టు ఎరగను."

"పూడుస్తారని నీకు తెలుసా?"

"ఎనిమిది మంది పనోళ్ళు. నాను ముద్ర పట్టి మూడేళ్ళు. తాత వంతులో రెండుసార్లు తప్ప ఒక్క సామాను పోలేదు. ఆ రెండు రోజులూ పూడ్సడానికి పక్కన ఎవులూ నేరు. నాకు తెలీదనుకున్నావేటే?"

"తెలిసీ ముద్ర వేశావా?"

"ఏసాను."

"ఎందుకు?"

"నానూ ఈ షెడ్డులో పెరిగినోణ్ణే కదే."

నేను ఆయన్ని తిట్టాలని వచ్చిన మనిషిని కాదు, కానీ నోటి దాకా వచ్చింది. ఆయన అప్పటికే చెప్పులు వేసుకుని రేడియో గది వైపు నడుస్తున్నాడు. బ్యాటరీ ముల్లు కింద ఆనుకుని ఉంది. ఎండ వచ్చాక కూడా రెండు గంటలు పడుతుంది పలకడానికి. బండి మాత్రం ఎండ వచ్చిన అరగంటకే లేస్తుంది. పడవ మీద నక్కల మెట్టకు రెండు రోజులు.

రేపు కూడా మబ్బు ఉండాలని కోరుకున్నాను. ఎండబండి పనివాళ్ళలో ఈ కోరిక కోరినది బహుశా నేనొక్కదాన్నే.


ఎండ 120

ఎండ వచ్చింది. గాలి కూడా వచ్చింది, పడమటినుంచి, తెరలు తెరలుగా.

షెడ్డులో ఎవరూ పని మొదలుపెట్టలేదు. మావ అందరికీ చెప్పేశాడు. అందరం రేడియో గది బయట కూర్చున్నాం. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఎవరైనా అని ఉంటే జవాబు చెప్పేదాన్ని, అది సులువు.

10.50. రేడియో పలికింది. నక్కల మెట్టవాళ్ళు: "తొమ్మిదిన్నరకే ఎగిరిపోయాడు కదా."

బండిలో రేడియో ఉండదు, బరువు. తాళ్ళ మెట్టను పిలిచి మావ సంగతి చెప్పాడు. దిగాక తోక విప్పమన్నాడు. తాత ఆయన భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు.

"దిగాక కాదు. దిగకముందే సెప్పాల. కప్పీ కుడిపక్క ఉంది. పానా పడితే ఎడమకి తిరగదు. ఆడు ఎప్పుడూ కొండ సుట్టూ ఎడమకి తిరిగి దిగుతాడు, అదే అలవాటు. తెల్లగుడ్డలు పరవండి. రెండు పొడుగ్గా, పక్కపక్కన. నేరుగా దిగమని. సముద్రం వైపునుంచి."

అటువైపునుంచి అడిగారు: "అటు గాలి అడ్డం కదా తాతా?"

"అడ్డమే. సక్రం పోతాది. పోనీ."

11.40. తాళ్ళ మెట్ట: "కనబడ్డాడు. ఎడమకి తిరగబోతున్నాడు."

11.42. "తిరగలేదు. బండి సముద్రం మీదికి పోతోంది."

11.49. "మళ్ళీ కనబడ్డాడు. కుడికి తిరిగి పెద్ద చుట్టు వస్తున్నాడు. గుడ్డలు చూసినట్టున్నాడు."

తర్వాత పదహారు నిమిషాలు ఏమీ లేదు. తాత కళ్ళు మూసుకుని రెండు కాళ్ళనూ మార్చి మార్చి నేలకు నొక్కుతున్నాడు, తనే బండి నడుపుతున్నట్టు.

12.05. "దిగింది. ఎడమ చక్రం విరిగింది. అసిరికి నుదురు చిట్లింది, నడుస్తున్నాడు, తిడుతున్నాడు. మందు కుండలు బాగున్నాయి."

నేను ఆ టైము కూడా రాసుకున్నాను.

12.50. "తోక విప్పాం. పది నంబరు పానా దొరికింది. తీగకీ కప్పీకీ మధ్య ఇరుక్కుంది." కాసేపు ఆగి మళ్ళీ: "ఇంకోటి కూడా ఉంది. పదమూడు నంబరు. బాగా అడుగున ఉంది, తుప్పు పట్టింది. ఇది ఎప్పటిది?"

మావ కిటికీ వైపు తిరిగాడు. గది కిటికీలోంచి షెడ్డులో బోర్డు కనబడుతుంది. పదమూడు నంబరు గూడు పచ్చగా ఉంది. నాకు తెలిసినప్పటినుంచీ పచ్చగానే ఉంది.


ఎండ 121

పొద్దున్న మావ ముద్ర లేకుండా షెడ్డుకు వచ్చాడు. ఎనిమిదిమందినీ బోర్డు ముందు నిలబెట్టాడు.

"పూడ్సినవి ఎవులివి ఆలు తీసుకోండి. నాను రాసుకోను, అడగను."

నేను ముందు తీసుకున్నాను. పదిహేడు ఎర్రబడింది. కొంతసేపు అది ఒక్కటే ఎర్రగా ఉంది. మిగతావాళ్ళు తమ కాళ్ళ వైపు చూసుకుంటున్నారు.

తర్వాత రేకులు తుడిచే గన్నెమ్మప్ప ముందుకొచ్చి చిన్న కత్తెర తీసుకుంది. "మా ఆడపడుసు కోసం పెట్టాను. అది పెళ్ళై ఎల్లిపోయి కూడా ఐదేళ్ళు" అంది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. బ్యాటరీల బావ పట్టకారు తీసుకున్నాడు. తాత పదమూడు నంబరు పానా తీసుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, సంచీలో వేసుకున్నాడు. ఎవరి కోసం పెట్టాడో చెప్పలేదు. ఆ మనిషి ఇప్పుడు లేడని మాత్రం అన్నాడు.

మిగతా నలుగురూ ఒక్కోటి తీసుకున్నారు. చివరికి మావ తనే నడిచి వెళ్ళి ఒక స్క్రూడ్రైవర్ తీశాడు.

"ఇది నాది. ఆరేళ్ళు అయింది."

ఇరవై నాలుగులో తొమ్మిది ఎరుపు. తొమ్మిది సామాన్లు ఎక్కడో ఉన్నాయి. రెండు తాళ్ళ మెట్టలో దొరికాయి. మిగిలినవి ఏడు. ఈ షెడ్డుకు ఐదు బండ్లు.


ఎండ 125

నాలుగు రోజులుగా ఇక్కడినుంచి ఏ బండీ ఎగరలేదు. అన్నిటినీ విప్పాం. ఐదు సామాన్లు దొరికాయి. ఒకటి రెక్కలో, రేకు కిందే, పన్నెండు చోట్ల చెక్కను గీరి ఉంది. దొరికిన ప్రతిదాన్నీ బల్ల మీద పెట్టి దొరికిన చోటు పక్కన రాశాం.

రెండు దొరకలేదు. ఎనిమిది నంబరు పానా, చిన్న పట్టకారు. సముద్రంలో పడి ఉండొచ్చు. ఎవరింటి ఊరగాయ జాడీ మూత కిందైనా ఉండొచ్చు. బండ్లలో మా చెయ్యి పట్టని చోట్లు ఉన్నాయి. అక్కడికి కన్ను దూరేది.

ఆరో కరపత్రం వచ్చింది. చదివాను. అందులో పానాల గురించి ఏమీ లేదు. ఓటు విషయంలో రెండు పక్షాలవాళ్ళూ నా దగ్గరికి వచ్చారు, తమ సభలో మాట్లాడమని. ఒకరికి నేను తప్పు చేసిన మనిషిగా కావాలి, ఇంకొకరికి తప్పు ఒప్పుకున్న మనిషిగా కావాలి. ఇద్దర్నీ పొమ్మన్నాను. గట్టిగానే అన్నాను.

బోర్డు మీద పనివాళ్ళ పేర్లలో నా పేరు పక్కన ఒక తప్పు గీత పడింది. గీయమని నేనే అడిగాను.


ఎండ 126

నక్కల మెట్టనుంచి కబురు. పాము కాటు మందు అయిపోయింది. ఇద్దరు మంచాన ఉన్నారు. మొదటి బండి వెళ్ళాలి. నడపడానికి అసిరి ఉన్నాడు. చక్రం బాగుచేయించుకుని నిన్న మధ్యాహ్నం మూడో బండి తెచ్చాడు. నుదుటి మీద కట్టు ఉంది. వచ్చినప్పటినుంచీ నాతో మాట్లాడలేదు.

బండి వదిలే కాగితంలో రెండే గళ్ళు ఉంటాయి. 'సరి', 'లోటు'. సరి అయితే ఎగురుతుంది. లోటు అయితే ఆగుతుంది. మొదటి బండి తోక నేను, రెక్కలు గన్నెమ్మప్ప, తీగలు తాత రెండేసిసార్లు చూశాం. కాగితం నింపే వంతు నాది. రెండు గళ్ళలోనూ ఏమీ పెట్టలేదు. కింద ఖాళీలో రాశాను:

'రెండు సామాన్లు దొరకలేదు. ఈ బండిలో మేము వెతికిన చోట లేవు. వెతకలేకపోయిన చోట్లు మూడు: కుడి రెక్క చివరి గది, ఎడమ రెక్క చివరి గది, తోకలో కప్పీ వెనక సందు. అక్కడ ఉన్నాయో లేవో తెలియదు.'

మావ చదివాడు. "దీనికి ముద్ర ఎక్కడెయ్యాలే?"

"తెలియదు అన్న మాట పక్కన."

"ఈ ముద్ర పట్టినకాడినుంచీ అలాటి కాగితం నా సేతిలోకి రాలేదు" అన్నాడు. వేశాడు.

కాగితం అసిరికిచ్చాను. చదివాడు.

"ఇదేటే?"

"ఉన్నది ఉన్నట్టు."

"ఎగరమంటావా, వద్దంటావా?"

"నేను అనను. మొన్న అంతా సరే అన్నాను కదా."

అతను మళ్ళీ చదివాడు, ఈసారి వేలు పెట్టి, ఒక్కో మాట. నన్ను తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా చెయ్యి భుజం దాకా మడుచుకున్నాడు. బండి ఎక్కే మెట్టు దాటి తోక దగ్గరికి నడిచాడు.

బండి నడిపేవాళ్ళు తోక విప్పరు. అది పనివాళ్ళ పని, వాళ్ళ చెయ్యి అక్కడ పడకూడదని మాకూ పట్టుదల, వాళ్ళకూ ఒక గొప్ప. అసిరి మూత విప్పడం తెలియక మరమేకు తప్పువైపు తిప్పాడు. నేను సరైన వైపు చూపించాను. మూత ఊడింది.

"ఏ సందు?"

"కప్పీ వెనక. మా ఎవరి చెయ్యీ పట్టలేదు. నీ చెయ్యి పొడుగు."

అసిరి చెంప బండికి ఆనించి చెయ్యి భుజం దాకా లోపలికి పోనిచ్చాడు. తాత తీగ పట్టుకున్నాడు, అది కదలకుండా. మావ, గన్నెమ్మప్ప, మిగతావాళ్ళు చుట్టూ చేరారు. లోపల అతని వేళ్ళు చెక్కను తడుముతున్న చప్పుడు వినబడుతోంది.

ఎండ ఇంకా ఐదు గంటలు ఉంది. నక్కల మెట్టకు మూడు చాలు.